ఏ గొట్టంలో ఏ తూటా?

తెలుగు వేటకథల్లో నాకు అస్సలు పడని వాక్యం ఒకటుంది. ఎవరు రాసినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. తుపాకి ఢామ్మని పేలింది, దుప్పి నేలకొరిగింది. అంతే. తర్వాతి పేరాలో మంట, మాంసం, వెన్నెల, వీలైతే కొంచెం పశ్చాత్తాపం.

ఆ వాక్యంలో ఉన్న కామా దగ్గరే నా గొడవంతా. తుపాకి పేలడానికీ దుప్పి పడడానికీ మధ్య ఏం జరిగిందో రచయితకి తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. గుండెలోంచి గుండు దూసుకుపోయిన దుప్పి కూడా యాభై గజాలో వంద గజాలో పరిగెత్తి గానీ పడదు. వెన్నెముకకో మెడకో తగిలితే తప్ప నిలబడ్డ చోట కూలడం అరుదు. కడుపులో తగిలితే గంటల తరబడి బతికే ఉంటుంది. ఎక్కడో పొదలో పడుకుని, లేచి, మళ్ళీ పడుకుని. ఇవన్నీ వేటగాళ్ళ పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్న సంగతులే, నా రీసెర్చేం కాదు. మన కథల్లోకి మాత్రం రావు. మన కథల్లో దుప్పి స్విచ్చి వేస్తే ఆరిపోయే బల్బు.

ముందే చెప్పేస్తా. నేను వేటగాణ్ణి కాదు, ఎప్పటికీ కాబోను. మాది యానాం. మా ఊళ్ళో జింక లేదు. దరియాలతిప్ప దాటి కోరింగ మడ అడవుల్లోకి వెళ్తే నక్క కనబడచ్చు, అదృష్టం బావుంటే నీటిపిల్లి కనబడచ్చు, జింక మాత్రం కనబడదు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ రాత్రిళ్ళు కథలు చదివేవాణ్ణి. వన్యప్రాణుల వేట నేరం, నేరంగానే ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. మరి నీకెందుకయ్యా తూటాల గోల అంటారా, అదే చెప్పబోతున్నా.

కొన్ని నెలల కిందట ఒక ఆన్‌లైన్ సాహిత్య సమావేశంలో కూర్చున్నా. ఒక వేటకథ మీద చర్చ. తుపాకి బోరు, తూటా నంబరు, ఏ గొట్టంలో ఏది పెట్టాడు లాంటివి కథకుడు వివరంగా రాశాడు. ఒక పెద్దాయన, మంచి విమర్శకుడే, "ఈ ఇన్వెంటరీ అంతా కథకి బరువండీ, తుపాకి అంటే చాలదా" అన్నారు. చాట్ బాక్సులో వరసగా బొటనవేళ్ళు. ఒకమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి "ఆయుధాల మీద మగవాళ్ళ మోజు" అని రాసింది. ఆ రెండోదాంట్లో కొంచెం నిజముంది, తర్వాత దానికి వస్తా. పెద్దాయన మాటలో మాత్రం నాకు నిజం కనబడలేదు. వేటకథలో నీతి ఏదైనా ఉంటే అది ట్రిగ్గర్ దగ్గర ఉండదు. అంతకు గంట ముందు, మంచె మీద కూర్చుని, చీకట్లో జేబు తడుముకుంటూ ఏ తూటా తీశాడన్న దగ్గర ఉంటుంది. తర్వాత జరిగేదంతా చాలామటుకు అక్కడే తేలిపోతుంది.

మా పెదనాన్న ఒకాయన గోకవరం దాటాక, రంపచోడవరం దారిలో సేద్యం చేసేవాడు. పంట రక్షణ కింద లైసెన్సున్న డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకి ఆయనకి ఉండేది. ఎలక్షన్ కోడ్ రాగానే దాన్ని తీసుకెళ్ళి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవడం, కోడ్ ఎత్తేశాక వెళ్ళి తెచ్చుకోవడం. నాకు తెలిసినంతలో ఆ తుపాకి చేసిన ప్రయాణాలు ఎక్కువగా అవే. ఆయన మాత్రం తుపాకి కన్నా తూటాల గురించే ఎక్కువ మాట్లాడేవాడు. "ఒరే అబ్బాయ్, తుపాకిదేముంది, ఇనప గొట్టం. దాంట్లో ఏం పెట్టేవన్నదే యవ్వారం" అనేవాడు. కుడి జేబులో బాల్. ఎడమ జేబులో ఎల్.జి. చొక్కా పై జేబులో నాలుగో నంబరు, పిట్టలకి. ఈ జేబులు ఎప్పుడూ మారేవి కావు. చీకట్లో టార్చి వెయ్యకుండా చేతికి తెలియాలి కదా. పాతరోజుల్లో కాయితం తూటాలు వచ్చేవిట. గోదావరి గాలికి చెమ్మ పట్టి ఉబ్బిపోయి గొట్టంలోకి ఎక్కేవి కావు. అవసరమైన వేళకి ఎక్కని తూటా కన్నా లేని తూటా నయం అని ఆయన సిద్ధాంతం.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, వివరం చెప్పకపోతే నా వాదన నిలబడదు. 12 బోర్ తూటాలో మూడు రకాలు మన కథలకి అవసరం. ఒకటి సన్న రవ్వ, వందల కొద్దీ గుళ్ళు, పిట్టలకి. రెండోది లావు గుళ్ళు. ఎస్.జి. అంటే బ్రిటిష్ లెక్కలో ఔన్సుకి ఎనిమిది గుళ్ళు, ఎల్.జి. అంటే అంతకంటే లావు, అంతకంటే తక్కువ. మూడోది బాల్, ఒకటే గుండు. డబుల్ బ్యారెల్లో మామూలుగా కుడి గొట్టం కొంచెం వదులు, ముందు ట్రిగ్గర్ దానిది. ఎడమ గొట్టం మూతి దగ్గర బిగువు, దాన్ని చోక్ అంటారు, వెనక ట్రిగ్గర్ దానిది. ఒంటి గుండు వదులు గొట్టంలో పెట్టాలి, గుళ్ళు బిగువు గొట్టంలో. తిరగేసి పెడితే, ఆ గుండు చోక్‌కి తగ్గ సైజుది కాకపోతే, గొట్టానికే ప్రమాదం. చేతిలో పెదనాన్న తుపాకి ఉన్న ఏ పాత్రయినా ఈ నిర్ణయం తీసుకోకుండా కథలోకి అడుగు పెట్టలేడు.

మరి దుప్పికి ఏది? సర్దాగా ఒక లెక్క వేద్దాం, ఇంజనీరునన్న పాపానికి. గుళ్ళు ఎంత దూరం వెళ్తే అంత విచ్చుకుంటాయి. గజానికి ఒక అంగుళం అన్నది వేటగాళ్ళ మోటు లెక్క. చుక్కల దుప్పికి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు ఎనిమిది అంగుళాల పళ్ళెం అనుకోండి, మన టిఫిన్ ప్లేటంత. పదిహేను గజాల్లో గుళ్ళు పదిహేను అంగుళాల గుండ్రంలో పడతాయి. ఎనిమిది గుళ్ళలో సగటున రెండు, రెండున్నర ఆ పళ్ళెంలో పడతాయి. దుప్పి త్వరగానే పోతుంది. పాతిక గజాలకి సగటు ఒకటి కన్నా తగ్గిపోతుంది. నలభై గజాలకి మూడింట ఒక వంతు గుండు. అంటే మూడుసార్లు కాలిస్తే ఒకసారి ఒక్క గుండు పడవలసిన చోట పడుతుంది. మిగతావి? కొన్ని గాల్లోకి, కొన్ని కాలికి, దవడకి, కడుపుకి. నిజానికి గుళ్ళు మధ్యలో కొంచెం ఎక్కువ పడతాయి కాబట్టి నా లెక్క మరీ కచ్చితం కాదు. అయినా వంపు ఎటు వెళ్తోందో తెలుస్తోంది కదా. పదిహేను గజాలకీ నలభై గజాలకీ మధ్య ఉన్న తేడాయే వేటకథ. మన కథల్లో దూరం "కొద్ది దూరంలో" ఉంటుంది.

బాల్ పెడితే? నునుపు గొట్టంలోంచి వెళ్ళే ఒంటి గుండుకి తిరుగుడు ఉండదు. యాభై గజాలు దాటితే దాని మీద నమ్మకం పెట్టుకోలేం. తగిలితే పని అయిపోతుంది, తగలకపోతే ఏమీ కాదు. ఈ "ఏమీ కాదు" అన్న మాట గమనించండి. బాల్ ఎంచుకున్నవాడు తన ఆకలికి కాకుండా దుప్పికి అనుకూలంగా పందెం కట్టాడు. గుళ్ళు ఎంచుకున్నవాడు ఏదో ఒకటి తగలకపోదులే అనుకున్నాడు. ఒకే తుపాకి, ఒకే మంచె, ఒకే దుప్పి, ఇద్దరు వేరువేరు మనుషులు. పాత్ర స్వభావం చూపించడానికి మనవాళ్ళు పేజీల కొద్దీ అంతరంగ మథనం రాస్తారు. రెండు జేబుల్లో ఏ జేబులో చెయ్యి పెట్టాడో రాస్తే సరిపోయేదానికి.

మన డబుల్ బ్యారెల్లో ఒక గొట్టంలో బాల్, ఇంకో దాంట్లో ఎల్.జి. పెట్టుకునే అలవాటు పేదవాడి కాంబినేషన్ గన్. అసలు కాంబినేషన్ గన్ అంటే జర్మన్లది. వాళ్ళ డ్రిల్లింగ్ తుపాకికి మూడు గొట్టాలు, రెండు గుళ్ళకి, కింద ఒకటి రైఫిలు. చాలా డ్రిల్లింగుల్లో పైన చిన్న మీట ముందుకి తోస్తే ముందు ట్రిగ్గర్ రైఫిలు గొట్టానికి మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా మీద ఎగిరే జర్మన్ వైమానికుల కోసం సాయర్ కంపెనీ ఎం30 అని ఒకటి చేసింది, రెండు 12 బోర్ గొట్టాలు, కింద 9.3×74ఆర్ రైఫిలు. ఎడారిలో విమానం కూలితే తిండికోసమట. ఈ మిశ్రమ తుపాకులకి ఒక పెంకితనం ఉంది. గొట్టాలు ఒకదానికొకటి అతికించి ఉంటాయి కాబట్టి, ఏ బరువు గుండుకి సరిచేశారో ఆ గుండే పెట్టాలి. వేరేది పెడితే గురి తప్పుతుంది. వరసగా కాలిస్తే ఒక గొట్టం వేడెక్కి మిగతావాటిని వంచుతుంది. అంటే ఆ తుపాకి కొన్నవాడు తూటా ఎంచుకోవడానికి పెద్ద పరీక్షే పెట్టుకున్నాడన్నమాట.

మన దేశానికి సంబంధించిన వెర్షన్ కూడా ఉంది, పారడాక్స్. బెంగాల్ సైన్యంలో పనిచేసి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న కర్నల్ ఫాస్‌బెరీ 1885లో పేటెంటు తీసుకున్నాడు, హాలండ్ అండ్ హాలండ్ వాళ్ళు తయారుచేశారు. గొట్టం అంతా నునుపు, మూతి దగ్గర కొద్ది అంగుళాలు మాత్రం రైఫిలింగ్. గుళ్ళూ కాల్చచ్చు, గుండూ కాల్చచ్చు. పొద్దున నెమలి వస్తుందో మధ్యాహ్నం కణుతు వస్తుందో తెలీని దొరకి ఇంతకన్నా ఏం కావాలి? వలస దొరల షికారు మొత్తాన్ని ఒక వస్తువులో చూపించమంటే నేను ఏనుగు మీది అంబారీని చూపించను, దీన్ని చూపిస్తా. అడవిలో ఏది ఎదురైనా నాదే అన్న ధీమా ఆ రెండంగుళాల మరలో ఉంది.

తూటా ఎంపిక నీతికి సంబంధించిన విషయం అంటే నవ్వేవాళ్ళకి చట్టాలు చూపిస్తా. జర్మనీ వేట చట్టం దుప్పి జాతి మీద గుళ్ళు వాడకూడదంటుంది. రో డీర్ అనే చిన్న జింకకైతే వంద మీటర్ల దగ్గర గుండుకి కనీసం 1000 జౌళ్ళు శక్తి ఉండాలి, అంతకన్నా పెద్దవాటికి 6.5 మిల్లీమీటర్ల బోరు, 2000 జౌళ్ళు. ఇంగ్లండులో 1991 డీర్ యాక్టు మామూలుగా .240 అంగుళాల బోరు కంటే చిన్న రైఫిలు పనికిరాదంటుంది. గుండు మొన మెత్తగానో గుల్లగానో ఉండి తీరాలంటుంది. ఈ ఆఖరి షరతు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధాగారంలో 1890ల్లో ఇలాంటి మెత్తమొన గుండు తయారుచేశారు, ఒంట్లోకి దూరాక విచ్చుకునేది. వాయవ్య సరిహద్దులో మనుషుల మీద వాడారు. ఇది మరీ అమానుషం అని 1899లో హేగ్‌లో కూర్చుని యుద్ధంలో నిషేధించారు. అదే గుండు ఇప్పుడు జింక మీద వాడకపోతే అమానుషం! మొత్తం లోహపు తొడుగున్న సైనికపు గుండు సన్నటి చిల్లు చేసుకుని అవతలికి పోతుంది, జింక మైళ్ళు నడిచి చస్తుంది కాబట్టి. మనిషినైతే గాయపరిచి వదలచ్చు, ఆస్పత్రి ఉంది. జింకనైతే చంపి తీరాలి, ఆస్పత్రి లేదు. దయ అనే మాటకి మన సాహిత్యంలో ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలీదుగానీ, ఇంత ఇబ్బంది పెట్టే అర్థం ఇంకోటి నాకు కనబడలేదు. ఇది "ఇన్వెంటరీ"ట.

ఇక సాహిత్యానికే వద్దాం. హెమింగ్వే 1936లో రాసిన ఫ్రాన్సిస్ మకోంబర్ కథ మన విమర్శకులందరికీ ఇష్టమే. కథలో వేటగైడు విల్సన్ చేతిలో .505 గిబ్స్, మకోంబర్ చేతిలో స్ప్రింగ్‌ఫీల్డ్, కారులో భార్య దగ్గర 6.5 మాన్లిషర్. ఈ మూడు పేర్లు కొట్టేసి "తుపాకి, తుపాకి, తుపాకి" అని రాయండి. భార్య పేల్చిన గుండు దున్నపోతుకి గురిపెట్టిందా, మొగుడికా అన్న ప్రశ్న సగం చచ్చిపోతుంది. ఎవరి చేతిలో ఏది ఉందన్నదే అక్కడ సాక్ష్యం. అదే కథలో కడుపులో గుండు తగిలిన సింహాన్ని వదిలేసి పోదామంటాడు మకోంబర్. కుదరదంటాడు విల్సన్, అది బాధపడుతూ ఉంటుంది, ఇంకెవరైనా తెలీక దాని మీదకి వెళ్ళచ్చు. మొత్తం కథ ఆ గడ్డిలోకి నడవడం గురించే. కార్బెట్ గానీ, మన చిత్తూరు అడవుల్లో, మామండూరులో తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ గానీ తుపాకి పేరు చెప్పకుండా మాట్లాడరు. కార్బెట్‌కి .275, ఆండర్సన్‌కి .405 వించెస్టర్ దాదాపు పాత్రలు. గాయపడ్డ జంతువు వెనక వెళ్ళడం వాళ్ళ పుస్తకాల్లో సగం ఉంటుంది.

మనకీ ఉన్నారు. అల్లం శేషగిరిరావు రైల్వేలో ఉద్యోగం చేస్తూ, స్వయంగా వేటాడి, అడవి తెలిసి రాసినాయన. 'చీకటి', 'వరడు', 'మృగతృష్ణ' ఇప్పటికీ చదువుతున్నాం. పూసపాటి కృష్ణంరాజు 'దివాణం సేరీవేట' రాశాడు. వీళ్ళ మీద వచ్చిన వ్యాసాలు దొరికినన్ని చదివా. మానవ ప్రకృతి, ప్రకృతి మానవత, అస్తిత్వ వేదన, మాండలికపు పరిమళం. అన్నీ ఉన్నాయి. తుపాకి మాత్రం ఒక్క వ్యాసంలోనూ లేదు! సముద్రం కథల మీద వ్యాసం రాసి వల గురించి మాట్లాడకపోతే ఒప్పుకుంటామా? మా యానాంలో ఏ జాలరి పిల్లాణ్ణి అడిగినా వల కన్ను సైజు బట్టి ఏ చేప పడుతుందో, ఏది జారిపోతుందో చెప్తాడు. వల కన్ను చిన్నది చెయ్యడం నీతికి సంబంధించిన విషయమని కూడా వాడికి తెలుసు. వేటకథ మీద రాసే విమర్శకుడికి ఆపాటి తెలియక్కర్లేదా?

అనువాదాల సంగతి చెప్పాలంటే కడుపు మండుతుంది. ఇంగ్లీషులో నాలుగైదు వేరువేరు మాటలుంటే అన్నిటికీ మనకి "తూటా" ఒక్కటే. పిట్టల రవ్వా తూటాయే, లావు గుళ్ళూ తూటాయే, రైఫిలు గుండూ తూటాయే, ఖాళీ అయి కిందపడ్డ ఇత్తడి డొల్లా తూటాయే. నేను చదివిన ఒక అనువాదంలో వేటగాడు పిట్ట మీద "తూటా పేల్చాడు". పిట్టలో ఏం మిగిలిందో మరి. తెలుగులో మాటలు లేక కాదు. రవ్వ, గుళ్ళు, గుండు, బాల్, ఎల్.జి., డొల్ల, మందు అన్నీ మా పెదనాన్న నోట్లో ఉన్నవే. డిక్షనరీలోకి రాలేదు కాబట్టి అనువాదకుడి టేబుల్ మీదకి రాలేదు. మన్యం యాసని కథల్లోకి తెచ్చామని చెప్పుకుంటాం, అదే మన్యంలో పనికొచ్చే మాటల్ని గుమ్మం దగ్గరే ఆపేశాం.

ఇప్పుడు ఆ చాట్ బాక్సు అమ్మాయి మాటకి. ఆయుధాల మీద మోజు ఉంది, అబద్ధమెందుకు. యూట్యూబ్‌లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని రైఫిలు నిమిరే మగాళ్ళు ఉన్నారు. వాళ్ళు బోరు చెప్తారు, వేగం చెప్తారు, ధర చెప్తారు. ఆ గుండు ఒంట్లో ఏం చేసిందో మాత్రం చెప్పరు. సరిగ్గా మన కవితాత్మక కథకుడు చేసే పనే. ఒకడు యంత్రాన్ని చూపించి గాయం దాస్తాడు, ఇంకొకడు వెన్నెల చూపించి గాయం దాస్తాడు. నేనడిగేది గాయానికి దారి తీసిన నిర్ణయం. పొద్దున్నే నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళేటప్పుడు ఆకుల మీద నురగతో లేత ఎరుపు ఉంటే ఊపిరితిత్తులు, నల్లెరుపు అయితే కాలేజం, పచ్చటి పసరు కలిసి వాసనేస్తే కడుపు. ఆ మూడోది కనబడ్డాక వేటగాడు ఏం చేశాడన్నదాని కన్నా మగతనానికి పెద్ద పరీక్ష నాకు తెలీదు. అది రాయండి, మోజు దానంతటదే దిగిపోతుంది.

దశరథుడి కథ మనందరికీ తెలుసు. చీకట్లో కుండ మునిగిన శబ్దం విని ఏనుగనుకుని కొట్టాడు. శాపం దగ్గరికి అందరం పరిగెడతాం. నన్నడిగితే ఆ కథ శబ్దభేది అనే ఆయుధం మీద విమర్శ. చూడకుండా కొట్టగలగడమే విద్య అనుకున్నవాడికి వచ్చిన ఫలితం. ఇప్పుడు టార్చి వెలుగులో రెండు కళ్ళు మెరిస్తే కాల్చేవాడికీ ఆయనకీ తేడా ఏంటి? పశువు కళ్ళూ మెరుస్తాయి. విల్లు పట్టే ఆదివాసీకి ఈ తెలివి వేరేగా నేర్పక్కర్లేదు. పిట్టకి మొద్దు మొన, దుప్పికి ఇనప మొన, ఏది కావాలో ముందే ఏరుకుంటాడు. మన్యంలో ఇటుకల పండగ వేట గురించి రాసే మనవాళ్ళు డప్పులూ డాన్సులూ రాస్తారు, బాణం మొనలు రాయరు.

మన్యం చరిత్రలోనే తూటా ఎంత పెద్ద పాత్రో చూడండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసింది తుపాకుల కోసం, వాటితోపాటు తూటాల కోసం. తూటా లేని తుపాకి కర్ర కిందే లెక్క అని ఆయనకి తెలుసు. ఆయన మీద వచ్చిన మన బొమ్మల్లో మాత్రం విల్లు ఉంటుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో లైసెన్సు మీద వేట అన్న ముచ్చట కూడా అయిపోయింది. మంచిదే. ఇక ఆ పాత షికారు కథలెందుకు, తూటాలెందుకు అనచ్చు. ఎందుకంటే వేట ఆగలేదు, తూటా మాత్రం మాయమైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అడవి అంచుల్లో జంతువుల్ని చంపేది ఎక్కువగా కరెంటు తీగ. పదకొండు కేవీ లైనుకి కొక్కెం తగిలించి, కట్టెపుల్లల మీద జీఐ వైరు లాగి వదిలేస్తారు. లేకపోతే పిండిలో చుట్టిన నాటుబాంబు, పంది నోట్లో పేలేది. తీగకి ఎంపిక లేదు. దూరం లేదు, ఏది వస్తోందో చూసుకోవడం లేదు. దుప్పి అయినా, పులి అయినా, రాత్రి పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన రైతు అయినా దానికి ఒకటే. పేపర్లో జిల్లా పేజీ చూసేవాళ్ళకి ఈ వార్తలు కొత్త కాదు. తుపాకి మిగిలింది వారాంతపు ఫామ్‌హౌస్ బాబులకి. 2017లో మహాదేవపూర్ అడవిలో దుప్పుల్ని కాల్చిన కేసు గుర్తుందా? దాని మీద టీవీలో వారం రోజులు ఎవరు, ఏ పార్టీ అని మాట్లాడారు. దుప్పి ఎలా చచ్చిందో ఎవరూ మాట్లాడలేదు.

మనమూ మాట్లాడలేం, ఎందుకంటే మనకి ఆ భాష లేదు. జంతువు చావుని ఒక కామాలో దాటేసే అలవాటు సాహిత్యమే నేర్పింది. నా తోటి ఉద్యోగుల్లో ఒకడు "మావాళ్ళ ఊళ్ళో దుప్పి మాంసం దొరుకుతుంది బ్రో, ఫుల్ టేస్ట్" అన్నాడు, క్యాంటీన్‌లో, బిర్యానీ తింటూ, మామూలుగా. తెలుగు కథలు చదివే కుర్రాడే. దాన్ని ఎలా చంపుతారు అని అడిగా. "ఏమో, కొడతారు కదా" అన్నాడు. కొడతారు. ఏంతో, ఎంత దూరం నుంచి, ఎన్ని గంటలు అన్నవి వాడి ఊహలోకే రావు. వాడు క్రూరుడు కాదు. వాడు చదివిన అడవంతా ఢామ్మని పేలి నేలకొరిగిన అడవి, అంతే.

జమీందారీ షికారు మీద ఈమధ్య వస్తున్న తీపి జ్ఞాపకాల వ్యాసాలకి కూడా ఇదే ముక్క చెప్పాలి. తాతగారి తుపాకి ఇంగ్లండు నుంచి వచ్చిందనీ, ఈలీ, కైనాక్ తూటాలు వాడేవారనీ మురిసిపోతూ రాస్తారు. ఫొటోలో తాతగారు, కాళ్ళ దగ్గర కణుతు. ఫొటో అంచులో సగం తెగిపోయి, గోచీతో నిలబడ్డ నలుగురు. అడవి తోలి మృగాన్ని తాతగారి మంచె వైపు పంపింది వాళ్ళే. లావు గుళ్ళు విచ్చుకునే వైపు నిలబడిందీ వాళ్ళే. గాయపడ్డ జంతువు వెనక ముందు నడిచిందీ వాళ్ళే, చేతిలో కర్రతో. తాతగారు ఎల్.జి. పెట్టారా, బాల్ పెట్టారా అన్న ప్రశ్న ఆ నలుగురికి సాహిత్య ప్రశ్న కాదు. ఆ వ్యాసాలు రాసేవాళ్ళు ఆల్బమ్ కింద తుపాకి కంపెనీ పేరు వేస్తున్నారు కాబట్టి, ఆ రోజు రెండు గొట్టాల్లో ఏమేం ఉన్నాయో, తోలేవాళ్ళు ఎన్ని గజాల్లో ఉన్నారో కూడా వేస్తే చదువుతాను.

ఎడిటర్లకి ఒకటే అడుగుతున్నా. వేటకథ వస్తే ఫోన్ చేసి కథకుణ్ణి అడగండి: ఎంత దూరం, ఏ గొట్టం, ఏ తూటా, తగిలాక ఎంతసేపు? కథలో అవన్నీ రాయక్కర్లేదు. తెలిస్తే చాలు. తెలిసినవాడు ఆ కామా పెట్టలేడు. అనువాదకుల కోసం నా దగ్గర పెదనాన్న మాటల లిస్టు ఒకటుంది, ముప్ఫై దాకా ఉన్నాయి, ఎక్సెల్‌లో. ఆయన పోయి మూడేళ్ళయింది, తుపాకి స్టేషన్లోనే ఉంది. ఎవరికి కావాలన్నా ఆ ఫైలు పంపిస్తా.